‘థాంక్యూ’కు బదులు: చిన్న మాటల్లో దాగిన తేడాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న కోనిలో 1983లో ఏర్పడిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయానికి 2009లో కేంద్రీయ హోదా లభించింది. రైల్వే కొలువులతో ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో హిందీ, ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆంగ్లం అవసరమవుతాయి. ‘థాంక్యూ’ అన్నవారికి ఏమని బదులివ్వాలన్న సందేహం ఇలాంటి చోటనే తలెత్తుతుంది.

తెలుగులో ‘పర్వాలేదు’, ‘ఎంతమాట’, ‘దానికేముందండీ’ అంటారు. హిందీలో ‘కోయీ బాత్ నహీ’ అంటారు. ఇవన్నీ చేసిన సాయాన్ని తక్కువ చేసి చెప్పే మాటలే. ఆంగ్లంలో ‘నాట్ ఎట్ ఆల్’, ‘డోంట్ మెన్షన్ ఇట్’ ఈ కోవలోకి వస్తాయి. మన దేశంలో తరచుగా వినిపించే ‘మెన్షన్ నాట్’ మాత్రం నేటి ప్రామాణిక ప్రయోగం కాదు. క్రియ తరువాత ‘నాట్’ చేర్చి వద్దనడం పాత పద్ధతి. నేడు ‘డోంట్’ ముందు రావాలి, చివర ‘ఇట్’ ఉండాలి.

‘యూ ఆర్ వెల్‌కమ్’లో ‘వెల్‌కమ్’ విశేషణం. దానిని ‘వెల్‌కమ్డ్’ అనరాదు. తెలుగులో ‘మీకు స్వాగతం’ అని మార్చినా అర్థం చెడుతుంది. రాతలో మరో చిక్కు ఉంది. ‘యూ ఆర్’ కుదింపు రూపం, ‘మీ’ అనే అర్థమిచ్చే ‘యువర్’ చెవికి ఒకేలా వినిపిస్తాయి. బదులులో రాయవలసింది మొదటిదే. దీని తరువాత ‘టు’, ఆపై క్రియ చేరితే అది అనుమతి అవుతుంది. ‘యూ ఆర్ వెల్‌కమ్ టు సిట్ హియర్’ అంటే ఇక్కడ నిరభ్యంతరంగా కూర్చోవచ్చని భావం.

‘విత్ ప్లెజర్’, ‘మై ప్లెజర్’ మధ్య తేడా సమయానిది. రైలులో ఎవరైనా పెట్టె అందించమని కోరితే, అందించే ముందు ‘విత్ ప్లెజర్’ అనాలి. అందించాక వారు కృతజ్ఞత తెలిపినప్పుడు ‘మై ప్లెజర్’ అనాలి.

‘నో ప్రాబ్లమ్’ మన ‘పర్వాలేదు’కు దగ్గరగా ఉండటంతో నాలుక మీదికి త్వరగా వస్తుంది. మిత్రుల మధ్య అది చక్కగా నప్పుతుంది. అయితే సాయం కోరడమే ఇబ్బంది అన్న ధ్వని అందులో ఉందని భావించే పెద్దలు, అధికారులు కొందరున్నారు. వారి ఎదుట ‘యూ ఆర్ వెల్‌కమ్’ అనడం క్షేమం.

తెలుగువారి మధ్య చిరునవ్వు, తల పంకించడమే చాలాసార్లు సరిపోతుంది. ఆంగ్ల సంభాషణలో ఆ మౌనం నిర్లక్ష్యంగా తోచవచ్చు. అందుకే ఒక చిన్న మాటైనా పలకడం అవసరం.