గాలాపగోస్ దీవులు: ఓడ నియమాల వెనుక ఉన్న చరిత్ర

చరిత్రకు ఆధారాలు అనగానే విద్యార్థులకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. నియమాల పట్టిక కూడా ఒక ఆధారమే. ఒక పని చేయకూడదని ఎవరైనా రాసిపెట్టారంటే, అంతకుముందు ఎవరో ఆ పని చేసి ఉంటారు. ఈ పాఠంలో అటువంటి పట్టికను ఒకదాన్ని తీసుకుని వెనక్కి చదువుదాం.

అమెరికాలో స్థిరపడిన నా పాత విద్యార్థి ఒకరు ఆమధ్య కుటుంబంతో గాలాపగోస్ దీవులకు వారం రోజుల ఓడ ప్రయాణం వెళ్లారు. బయలుదేరే ముందు ఓడవాళ్లు ఇచ్చిన కాగితాలు నాకు పంపి, "సర్, డబ్బు కట్టేది మేమే, ఆంక్షలూ మాకే" అని రాశారు. ఆ ఆంక్షలు ఇవి. రాత్రి నిద్ర, భోజనం ఓడలోనే. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపే దీవి మీద ఉండాలి. పదహారు మందికి ఒక గైడు, అతను లేకుండా అడుగు కదపరాదు. గుర్తు పెట్టిన బాట దాటరాదు. జంతువుకు రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. తినే పదార్థం ఏదీ ఒడ్డుకు తీసుకుపోరాదు. నిప్పు రాజేయరాదు. రాయి, గవ్వ, ఈక ఏదీ వెంట తెచ్చుకోరాదు. ఒక దీవి నుంచి మరో దీవికి పోయేటప్పుడు చెప్పుల అడుగులు కడుక్కోవాలి. చూసిన చోటికే అదే ఓడ పద్నాలుగు రోజుల లోపు మళ్లీ రాకూడదు.

ముందు అట్లాసు తీయండి. దక్షిణ అమెరికా పడమటి తీరాన ఈక్వెడార్ దేశం ఉంది. అక్కడి నుంచి పసిఫిక్ సముద్రంలో పడమరగా సుమారు 1000 కిలోమీటర్లు పోతే, భూమధ్యరేఖ మీద ఈ దీవులు చుక్కల్లా కనిపిస్తాయి. సముద్ర గర్భం నుంచి లావా పొంగి, పేరుకుని పైకి లేచిన దీవులివి. తూర్పున ఉన్నవి పాతవి, పడమట ఉన్న ఇసబెలా, ఫెర్నాండినా చిన్న వయసువి. అక్కడి అగ్నిపర్వతాలు ఇప్పటికీ రగులుతూనే ఉంటాయి. ఈ దీవులు ఖండంతో ఎన్నడూ కలిసి లేవు. ఎగిరి వచ్చినవి, ఈదుకుంటూ వచ్చినవి, తేలుతూ కొట్టుకువచ్చినవి మాత్రమే ఇక్కడ బతికాయి. నేల మీద వేటాడే పెద్ద జంతువు లేదు. అందువల్ల ఇక్కడి పక్షికి, తాబేలుకు, మన ఉడుమును పోలిన ఇగ్వానాకు మనిషిని చూసి పారిపోవాలన్న బుద్ధి పుట్టలేదు. ఈనాటి యాత్రికుడు వేల డాలర్లు పెట్టి చూడబోయేది ఆ బెదురులేనితనాన్నే. ఆ జీవుల కొంప ముంచినదీ అదే.

దీవుల గురించి మనకు దొరికే తొలి రాత 1535 నాటిది. పనామా బిషప్ తోమాస్ దె బెర్లాంగా పెరూకు పోతుండగా గాలి పడిపోయి, ఓడ ప్రవాహంలో కొట్టుకుపోయి ఇక్కడ తేలింది. తాగడానికి నీరు లేదు, బొమ్మజెముడు మట్టలు పిండి ఆ రసం తాగారు. ఆయన స్పెయిన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో మహా తాబేళ్ల గురించి, చేతికి దొరికిపోయే అమాయకపు పక్షుల గురించి చెప్పాడు. నేల మాత్రం పనికిరాదన్నాడు. స్పెయిన్ ఈ దీవులను పట్టించుకోకపోవడానికి ఇదే ప్రధాన కారణం. తరువాత 17వ శతాబ్దపు ఇంగ్లీషు సముద్రపు దొంగలకు ఇవి దాగడానికి పనికొచ్చాయి.

అసలు విధ్వంసం దొంగలతో కాదు, వ్యాపారులతో వచ్చింది. 18వ శతాబ్దం చివర బ్రిటిష్, అమెరికన్ తిమింగలాల వేట నౌకలు పసిఫిక్‌లోకి ప్రవేశించాయి. లండన్‌లోనూ బోస్టన్‌లోనూ దీపాలు వెలగడానికి తిమింగలాల నూనె కావాలి. ఒక్కో ఓడ రెండు మూడేళ్లు సముద్రం మీదే ఉండేది. అన్నాళ్లు తాజా మాంసం ఎలా? గాలాపగోస్ తాబేలు తిండి, నీరు లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. దాన్ని మోసుకొచ్చి ఓడ అడుగున సరకుల గదిలో పేరిస్తే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తాజా మాంసం.

1925లో అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ టౌన్‌సెండ్ 79 వేట నౌకల దినచర్య పుస్తకాలు తిరగేశాడు. 1831–1868 మధ్య ఆ ఓడలే పదివేలకు పైగా తాబేళ్లను తీసుకుపోయినట్టు లెక్క తేలింది. ఆ కాలంలో ఇక్కడికి వచ్చిన ఓడలు వందల్లో ఉన్నాయి కాబట్టి మొత్తం లక్ష దాటి ఉంటుందని పరిశోధకుల అంచనా. వేటగాళ్లకు మోయడానికి వీలైనవి చిన్న తాబేళ్లు, అంటే ఎక్కువగా ఆడవి. గుడ్లు పెట్టడానికి తీరానికి దగ్గరగా దిగి వచ్చేవీ అవే. నష్టం లెక్కలో కనిపించినదానికంటే లోతుగా తగిలిందని దీన్నిబట్టి గ్రహించాలి. ఓడ పుస్తకం రాసిన గుమాస్తాకు తాబేలు సరుకు మాత్రమే. దశాబ్దాల తరువాత ఆ పద్దే ఒక జాతి నాశనానికి సాక్ష్యమైంది. ఆధారం ఏ ఉద్దేశంతో పుట్టిందన్నది వేరు, దాని నుంచి మనం ఏం రాబడతామన్నది వేరు.

హైదరాబాదు నెహ్రూ జూ పార్కులో మహా తాబేలును చూసినవారు మీలో చాలామంది ఉంటారు. అక్కడి వృద్ధ గాలాపగోస్ తాబేలు 2024 మార్చిలో చనిపోయినప్పుడు దాని వయసు 125 ఏళ్లని జూ ప్రకటించింది. 1963లో దాన్ని బాగ్-ఏ-ఆం నుంచి అక్కడికి తరలించారు. నా చిన్నతనంలో మేము దాన్ని కదలని బండ అనుకుని కమ్మీల దగ్గర చాలాసేపు నిలబడ్డాం. అది మెడ చాచేసరికి మా చెల్లెలు ఏడుపు లంకించుకుంది.

ఇక నిప్పు నియమం. 1820లో ఎసెక్స్ అనే వేట నౌక ఫ్లోరియానా దీవిలో తాబేళ్ల కోసం ఆగింది. ఒక నావికుడు తమాషాకు పెట్టిన మంట ఎండు పొదలకు అంటుకుని దీవిని కాల్చివేసింది. మరుసటి నెలలోనే ఆ ఓడను ఒక తిమింగలం గుద్ది ముంచింది. ప్రపంచం ఆ రెండో సంగతినే గుర్తు పెట్టుకుంది. ఆహారం, చెప్పుల నియమాల వెనుక మేకలు, ఎలుకలు, విత్తనాలు ఉన్నాయి. అమెరికన్ నౌకాదళ కెప్టెన్ డేవిడ్ పోర్టర్ 1813లో శాంటియాగో దీవిలో మేతకు దింపిన మేకలు తప్పించుకుపోయాయని తానే రాసుకున్నాడు. 1959లో జాలరులు పింటా దీవిలో మూడు మేకలను వదిలారు. పదేళ్లు దాటేసరికి అవి వేలకు వేలయి, పచ్చటి ఆకు మిగల్చలేదు. 1971లో పింటాలో కనిపించిన ఒంటరి మగ తాబేలుకు జత దొరకలేదు. 'లోన్‌సమ్ జార్జ్' అని పేరు పడిన ఆ తాబేలు 2012 జూన్ 24న చనిపోవడంతో ఆ జాతి అంతరించింది. ఇసబెలా ఉత్తర భాగంలోనూ శాంటియాగోలోనూ మేకలను పూర్తిగా తొలగించే పని 2006 దాకా సాగింది. లక్షకు పైగా మేకలను చంపవలసి వచ్చింది. ఒకరు సులువుగా దింపినదాన్ని ఎక్కించడానికి రెండు వందల ఏళ్లు పట్టిందన్నమాట.

డార్విన్ ప్రస్తావన లేకుండా ఈ పాఠం పూర్తి కాదు గాని, పరీక్షకు రాసేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఆయన 1835లో ఇక్కడ ఉన్నది ఐదు వారాలు, దిగినది నాలుగు దీవుల్లో. పరిణామ సిద్ధాంతం ఇక్కడ మెరుపులా తట్టలేదు. చిప్ప చూసి తాబేలు ఏ దీవిదో చెప్పగలనని ఉప గవర్నరు నికొలస్ లాసన్ చెప్పినప్పుడు డార్విన్ పెద్దగా పట్టించుకోలేదు. సేకరించిన పిచ్చుకలకు ఏ దీవిదో సరిగా గుర్తులు పెట్టలేదు. లండన్‌లో జాన్ గౌల్డ్ 1837లో వాటిని పరిశీలించి వేరువేరు జాతులని తేల్చాకే ఆ మాట విలువ తెలిసింది. బీగిల్ ఓడలోనూ తాబేలు మాంసమే తిన్నారు. ఆ చిప్పలు దాచిపెట్టలేదు.

ఈక్వెడార్ 1832లో దీవులను తనవిగా ప్రకటించి ఫ్లోరియానాలో తొలి వలస పెట్టింది. వచ్చినవారిలో శిక్ష పడిన సైనికులు ఉన్నారు. దీవులను చెరసాలగా వాడే అలవాటు చాలాకాలం పోలేదు. ఇసబెలాలో 1946 నుంచి ఉన్న ఖైదీల శిబిరంలో ఖైదీల చేత రాళ్లు మోయించి ఏ ప్రయోజనమూ లేని పెద్ద గోడ కట్టించారు. దాన్ని కన్నీటి గోడ అంటారు. ఆ శిబిరం మూసిన సంవత్సరం 1959. దీవులను జాతీయ పార్కుగా ప్రకటించినదీ అదే సంవత్సరం. యాత్రికులు విమానం దిగే బాల్ట్రా దీవి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక స్థావరం. 1950ల మధ్యకల్లా ఆ దీవిలో నేల ఇగ్వానా ఒక్కటీ మిగలలేదు. 1930లలో కొన్నింటిని పక్కనున్న నార్త్ సీమోర్‌కు తరలించడం వల్ల వంశం నిలిచింది. వాటి సంతానాన్ని మళ్లీ బాల్ట్రాకు తెచ్చారు.

పార్కు ప్రకటించినప్పుడు అప్పటికే జనం ఉన్న భూమిని, అంటే మొత్తంలో సుమారు 3 శాతాన్ని, విడిచిపెట్టారు. అప్పటి జనాభా రెండు వేలకు అటూ ఇటూ. 1960ల చివర ఓడ యాత్రలు మొదలయ్యాయి. అప్పటి ఆలోచన ఇది: యాత్రికులు ఓడలోనే ఉంటే దీవి మీద హోటలు, రోడ్డు, చెత్త ఉండవు. దీవులను ఖాళీ చేసిన ఓడే వాటికి కాపలాగా మారింది. నా దృష్టిలో ఆలోచన మంచిదే, చాలా వరకు పని చేసింది కూడా. అయితే ఆ లెక్కలో ఊళ్లలోని మనుషులకు చోటు తక్కువ. ఓడ టికెట్ల డబ్బులో ఎక్కువ భాగం రాజధానికో విదేశాలకో పోయేది. అయినా ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో ఖండం నుంచి పేదలు వచ్చారు, జనాభా 2015 నాటికి 25 వేలు దాటింది. సముద్ర దోసకాయల వేటను నిషేధించినప్పుడు, బతుకు తెరువు పోయిన జాలరులు 1995లో చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రాన్ని ముట్టడించి, తాబేళ్లకు హాని చేస్తామని బెదిరించారు. ఆ బెదిరింపును సమర్థించలేం. కానీ తాబేలుకు ఉన్న విలువ తమకు లేదని వారు అనుకోవడానికి కారణం లేదనీ చెప్పలేం. 1998 ప్రత్యేక చట్టం వలసలను కట్టడి చేసి, స్థానికులకు కొన్ని హక్కులిచ్చి, చుట్టూ ఉన్న సముద్రాన్ని రక్షిత ప్రాంతం చేసింది.

ఓడలు కూడా పూర్తిగా నిర్దోషులు కావు. 2001 జనవరిలో సాన్ క్రిస్టోబల్ దగ్గర జెస్సికా అనే ట్యాంకరు నేలకు తట్టుకుని చమురు ఒలికింది. ఆ చమురులో కొంత ఒక యాత్రా నౌక కోసం తెస్తున్నదే. ఇప్పుడు ఓడల్లోని పడకల సంఖ్యకు హద్దు ఉంది, ఊళ్లలోని హోటళ్లకు వచ్చేవారు మాత్రం పెరిగిపోయారు. 2023లో మొత్తం యాత్రికులు 3 లక్షల 29 వేలు దాటారు. 1970లలో పార్కు అనుకున్న హద్దు ఏడాదికి 12 వేలు. విదేశీయుల ప్రవేశ రుసుమును 2024 ఆగస్టులో 100 డాలర్ల నుంచి 200కు పెంచారు.

ఫ్లోరియానా ఒడ్డున ఒక పీపా ఉంది. వేట నౌకల కాలంలో నావికులు ఉత్తరాలు అందులో వేసేవారు, ఇంటి దారి పట్టిన ఓడ వాటిని తీసుకుపోయేది. 1813లో పోర్టర్ ఆ ఉత్తరాలు తెప్పించుకుని చదివి బ్రిటిష్ వేట నౌకల జాడ తెలుసుకున్నాడు. యాత్రికులు ఇప్పటికీ స్టాంపు లేకుండా కార్డులు వేస్తారు, తమ ఊరి దగ్గరి చిరునామా ఉన్న కార్డు తీసుకుని వెళ్లి స్వయంగా అందజేస్తారు. నా విద్యార్థి ఒక కార్డు తెచ్చి, నలభై మైళ్లు కారు నడిపి ఆ ఇంట్లో ఇచ్చివచ్చారట. ఆ దీవుల నుంచి తెచ్చుకోనిచ్చినది అదొక్కటేనని రాశారు.