తెపాచె - అనాస తొక్క చెప్పే చరిత్ర



అనాస పండు కోయగానే తొక్కను పెంటకుప్ప మీద పారవేస్తాము. మెక్సికో దేశంలో ఆ తొక్కకు విలువ ఉన్నది. దానితో "తెపాచె" అనే పుల్లని, తియ్యని పానీయం చేసుకుంటారు.

ఆ పేరు అచ్చటి ప్రాచీన భాషయైన నావాత్ల్ నుండి వచ్చినది. "తెపియాత్ల్" అనగా మొక్కజొన్న పానీయము. అంటే మొదట దీనిని చేసినది అనాసతో కాదు, మొక్కజొన్నతో. మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికోయే కదా! 1521లో స్పెయినువారు ఆ రాజ్యమును జయించిరి. వారి వెంట చెరకు వచ్చింది, గానుగ వచ్చింది, బెల్లం వచ్చింది. కాలక్రమమున కుండలోని మొక్కజొన్న స్థానమును అనాస, బెల్లము ఆక్రమించినవి. దినుసు మారెను గాని పేరు మారలేదు, పులియబెట్టే నేర్పు పోలేదు.

అనాస స్వస్థలం దక్షిణ అమెరికా. 1493లో కొలంబసు గ్వాడెలూప్ దీవిలో దీనిని చూచెను. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చిరి. "అనాస" అన్న మాట కూడా ఆ ఓడలలో వచ్చినదే.

ఇక చేసే విధానము. కుళ్లు లేని పండును నీళ్లతో కడిగి, మందంగా తొక్క తీయవలెను. ఒక పండు తొక్కకు రెండు లీటర్ల మంచినీరు, సుమారు పావుకిలో బెల్లం, కొద్దిగా దాల్చినచెక్క, రెండు లవంగాలు చాలు. మట్టికుండలో గాని గాజు జాడీలో గాని వేసి పలుచని గుడ్డ కట్టాలి. తోడు వేయ నక్కరలేదు. తొక్క మీద నుండే ఈస్టు అనే సూక్ష్మజీవియే బెల్లపు తీపిని తిని నురుగు లేపుతుంది. రెండు మూడు రోజులకు వడగట్టి చల్లగా త్రాగుతారు.

జాగ్రత్తలు వినండి. బిగించిన సీసాలో ఉంచితే లోపలి వాయువు వల్ల సీసా పగలవచ్చును. ఎక్కువ రోజులు ఉంచితే వెనిగరు అవుతుంది. బూజు పట్టినదానిని పారబోయవలసినదే. కొద్దిపాటి మద్యాంశం ఏర్పడును గనుక పిల్లలకు, గర్భిణీలకు ఇవ్వరాదు.

మెక్సికో వీధులలో నేటికీ దీనిని ఐసుముక్కలు వేసి అమ్ముతారు. మన తరవాణి కుండ వంటిదే ఆ కుండ కూడా. పంట మారినపుడు వారు పాత నేర్పును వదులుకొనలేదు, కొత్త పంటకు అతికించుకొన్నారు. కనుకనే పారవేయవలసిన తొక్క అక్కడ అమ్ముడుపోయే సరుకు అయినది. మన పెరటిలో వృథాగా పోయే తొక్కలేవో, గింజలేవో ఈ వారం ఒకసారి లెక్క చూచుకొనండి.