గ్రామ లెక్కల నుంచి బ్లాక్‌చెయిన్ పోటీల దాకా: కృష్ణా డెల్టాలో భూమి పుస్తకం

కృష్ణా డెల్టా చరిత్రలో భూమి ఎవరిదన్న ప్రశ్నతో పాటు, ఆ సంగతి రాసిన పుస్తకం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న కూడా అంతే బరువుగా నడుస్తూ వచ్చింది. గ్రామ లెక్కలు రాసే కరణం ఇంటి అటక మీది కట్టల నుంచి తాలూకా కచేరీకి, అక్కడి నుంచి కంప్యూటరుకు చేరిన ఆ పుస్తకం, నేడు విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ విద్యార్థులు పాల్గొనే హ్యాకథాన్లలో, అంటే ఒకటి రెండు రోజుల్లో ఏకధాటిగా కూర్చొని ఒక సమస్యకు పనిచేసే సాఫ్ట్‌వేర్ నమూనా చూపాల్సిన పోటీలలో, బ్లాక్‌చెయిన్ పేరుతో మళ్లీ చర్చకు వస్తోంది. తొలిసారి ఇలాంటి పోటీకి దిగే విద్యార్థికి ఇది కొత్త సమస్యగా కనిపించినా, దాని వెనుక నూట యాభై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది.

1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువలు పారడంతో మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. సెంటు భూమికి కూడా విలువ పెరగడంతో కొలతలకూ శిస్తు లెక్కలకూ ప్రాధాన్యం హెచ్చింది. ప్రభుత్వం నేరుగా రైతు నుంచి శిస్తు వసూలు చేసే రైత్వారీ గ్రామాలలో పొలానికొక సర్వే నంబరు ఇచ్చి, దాని హద్దులను క్షేత్ర కొలతల పుస్తకంలో గీశారు. ఏటా రాసే అడంగల్ అనే గ్రామ లెక్కలో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగుదారు పేరు, పంట, నీటి ఆధారం వరుసగా ఉండేవి. పొలం గట్ల మీద తిరిగి పంట అజమాయిషీ చేసి వాటిని నింపేది కరణమే కాబట్టి, సాగుదారు గడిలో పేరు మారిస్తే కౌలుదారు బతుకే మారిపోయేది.

ఈ అధికారం తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే పద్ధతికి మొదటి పెద్ద దెబ్బ డెల్టా పశ్చిమ భాగం నుంచే తగిలింది. తెనాలి తాలూకా పెరవలిపాలెం గ్రామ మునసబు నియామకంపై వచ్చిన వ్యాజ్యంలో, వంశం చూసి గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తేల్చింది. 1971 నాటి చట్టం పట్టాదారు పాసు పుస్తకానికి దారి వేసి, లెక్కలోని ఒక ప్రతిని రైతు చేతిలో పెట్టింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. అయితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది దస్తావేజునే తప్ప హక్కును కాదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అమ్మకం జరిగినా, రెవెన్యూ లెక్కలో పేరు మార్పిడి విడిగా జరగాల్సి ఉండేది. ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న సందులోనే ఒకే భూమిని ఇద్దరికి అమ్మే మోసాలకు చోటు దొరికింది. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకూ, 2015లో ‘మీ భూమి’ పోర్టల్‌తో అడంగళ్లకూ కంప్యూటర్ తోడై చూసుకోవడం సులువైంది కానీ, లోపలి నుంచి లెక్క మార్చగలవారిని నమ్మక తప్పదనే పాత చిక్కు మిగిలిపోయింది.

అదే 2015లో అమరావతి రాజధాని కోసం జరిగిన భూసమీకరణ ఈ చిక్కును మరో రూపంలో ముందుకు తెచ్చింది. 33 వేలకు పైగా ఎకరాలు ఇచ్చిన రైతులకు తిరిగి స్థలాలు కేటాయించాలి. ఎకరా జరీబు భూమికి, అంటే నది దాపున ఏడాది పొడవునా నీటి వసతి ఉండే నేలకు, 1,000 గజాల నివాస స్థలమూ 450 గజాల వాణిజ్య స్థలమూ, మెట్టకైతే 1,000, 250 గజాలూ ఇస్తామన్నారు. పాత సర్వే నంబర్లు చెరిగి కొత్త ప్లాట్లు పుట్టే చోట లెక్క తారుమారు కాకూడదన్నది ప్రధానమైంది. 2017 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం, స్వీడన్ భూ రికార్డులతో అప్పటికే ప్రయోగాలు చేస్తున్న క్రోమావే సంస్థతో కలిసి భూమి నమోదును బ్లాక్‌చెయిన్ మీద పరీక్షిస్తున్నట్టు ప్రకటించింది.

బ్లాక్‌చెయిన్ అంటే ఒకే లెక్క పుస్తకపు ప్రతులను అనేక కంప్యూటర్లు ఉంచుకొని, కొత్త నమోదును ఉమ్మడి నియమం ప్రకారం ఒప్పుకొనే ఏర్పాటు. ప్రతి నమోదు నుంచి గణితం ద్వారా ‘హ్యాష్’ అనే వేలిముద్ర వంటి సంకేతం తీస్తారు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాలుగా కనిపిస్తుంది. విస్తీర్ణాన్ని 2 ఎకరాల 40 సెంట్ల నుంచి 2 ఎకరాల 41 సెంట్లకు మారిస్తే ఆ 64 అక్షరాల వరుస పోలిక లేకుండా మారిపోతుంది. ఒక పేజీ సంకేతాన్ని తరువాతి పేజీలో రాస్తారు కాబట్టి, పాత పేజీని దిద్దితే ఆ తరువాతి పేజీలన్నీ సాక్ష్యం చెబుతాయి. ఈ ఆలోచన బీజం 1991లో హేబర్, స్టోర్నెటా పత్రాలకు కాలముద్ర వేయడంపై రాసిన వ్యాసంలో ఉంది. 2008లో బిట్‌కాయిన్ ప్రతిపాదన, 2015లో ఇథీరియం దాన్ని విస్తరించాయి.

ఈ ఆలోచనను విద్యార్థులు పరీక్షించే హ్యాకథాన్ అనే ఆచారం 1999లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ ప్రోగ్రామర్ల సమావేశంతో ఆ పేరు పొందింది. డెల్టాలో దానికి కావలసిన నేలను 1977లో కానూరులో వెలసిన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ కళాశాల, 1980లో మొదలైన కోనేరు లక్ష్మయ్య కళాశాల వంటివి ముందే సిద్ధం చేశాయి. 2017లో కేంద్రం ఆరంభించిన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఆ విద్యార్థులకు జాతీయ వేదికయింది. ఆరుగురి జట్టులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. కళాశాల స్థాయి ఎంపిక దాటినవారికి 36 గంటల తుది పోటీ ఉంటుంది. బ్లాక్‌చెయిన్, సైబర్ భద్రత ఒక విభాగంగా కూడా వచ్చాయి. తొలిసారి పాల్గొనేవారు స్మార్ట్ కాంట్రాక్ట్, అంటే షరతులు తీరగానే తనంతట తాను అమలయ్యే ప్రోగ్రాము, రాయడంలోనే రాత్రంతా గడుపుతారు. న్యాయనిర్ణేతలు మాత్రం తొలి విడతలోనే, ఈ పనికి మామూలు డేటాబేస్ ఎందుకు చాలదని అడుగుతారు.

ఆ ప్రశ్నకు జవాబు ప్రోగ్రాములో కన్నా పొలం గట్టు మీదే ఎక్కువగా దొరుకుతుంది. రాసినదాన్ని తరువాత మార్చకుండా బ్లాక్‌చెయిన్ కాపాడగలదు. మొదట రాసింది నిజమో కాదో చెప్పలేదు. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట సమీపంలోని తక్కెళ్లపాడులో సమగ్ర భూముల రీసర్వే మొదలుపెట్టవలసి వచ్చిందంటే, పాత కొలతలకూ నేల మీది వాస్తవానికీ పొత్తు కుదరకపోవడమే కారణం. రికార్డుకే హక్కుగా తిరుగులేని బలం ఇవ్వబోయిన భూహక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చి, తప్పు నమోదైతే దిక్కెవరన్న న్యాయవాదుల, రైతుల ఆందోళన మధ్య వివాదమై, 2024 జులైలో శాసనసభలో రద్దయింది. కనుక భూమి రికార్డుల మీద పోటీకి దిగే కొత్త జట్టు కోడ్ రాయడానికి ముందు ఒక అడంగల్‌ను, ఒక దస్తావేజును పక్కపక్కన పెట్టి చదవాలి; తప్పును చెరపకుండానే సరిదిద్దే దారి, కౌలుదారు పేరుకు చోటు, అభ్యంతరం చెప్పుకొనే గడువు లేని నమూనా ఎంత పటిష్ఠంగా ఉన్నా కరణం పుస్తకానికి కొత్త అట్ట వేసినట్టే అవుతుంది.