జింక, బాణం, ఒక సర్జన్

మా టీమ్‌లో ఒకాయన ఉన్నాడు. ఏడాది పొడుగునా సెలవు పెట్టడు గానీ నవంబర్ మొదటి రెండు వారాలు మాత్రం మనిషి కనపడడు. రిలీజ్ ఉన్నా అంతే, సర్వర్ పడుకున్నా అంతే. నేను విస్కాన్సిన్ వచ్చిన కొత్తలో ఏదో మొక్కు ఉందేమో అనుకున్నా :) తర్వాత తెలిసింది, విల్లూ బాణాలూ పట్టుకుని జింకల వేటకి వెళతాడని. ఇన్ని తుపాకులున్న దేశంలో బాణాలేంటి అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆరేళ్ల కిందట ఒక జింకని కొట్టాడట. బాణం జానెడు వెనక్కి తగిలింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. ఆ సంగతి చెప్తున్నప్పుడు ఆయన గొంతు ప్రొడక్షన్ డేటాబేస్ చెరిపేసినవాడి గొంతులా ఉంది.

నేను వేటగాణ్ణి కాను, అయ్యే ఉద్దేశమూ లేదు. కానీ ఆ జానెడు సంగతి బుర్రలోంచి పోలేదు. బాణం ఎక్కడ తగిలితే న్యాయం, ఎక్కడ తగిలితే అన్యాయం అని ఎవరు తేల్చారు? చదవడం మొదలుపెడితే కథ కాలిఫోర్నియాలో తేలింది.

1911 ఆగస్టులో ఓరోవిల్ అనే ఊళ్లో, కబేళా దగ్గర, ఆకలితో శోషించిపోయిన ఒక మనిషి దొరికాడు. యాహీ తెగలో మిగిలిన చివరివాడు. 1860ల్లో వలసవచ్చిన తెల్లవాళ్లు ఆ తెగని వెంటాడి చంపారు. మిగిలిన కొద్దిమంది కొండల్లో నలభై ఏళ్లు దాక్కుని బతికారు. తుపాకీ పేలిస్తే ఆచూకీ తెలిసిపోతుంది, విల్లుకి ఆ బాధ లేదు. అతను తన పేరు ఎవరికీ చెప్పలేదు. ఆంత్రోపాలజిస్టు ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ 'ఇషీ' అని పిలిచాడు. వాళ్ల భాషలో ఆ మాటకి అర్థం మనిషి అని.

ఇషీని శాన్‌ఫ్రాన్సిస్కోలో యూనివర్సిటీ మ్యూజియంలో ఉంచారు. పక్కనే మెడికల్ స్కూలు. అక్కడ సర్జరీ చెప్పే డాక్టర్ శాక్స్‌టన్ పోప్ అతనికి వైద్యుడయ్యాడు, ఆపైన స్నేహితుడయ్యాడు, చివరికి శిష్యుడయ్యాడు. ఇషీ దగ్గర విల్లు చెక్కడం, సీసా పెంకుతో ములికి చేయడం, వేట అన్నీ నేర్చుకున్నాడు. వేటకి ముందురోజు ఇషీ చేపలు తినడట, పొగ తాగడట. జింక వాసన పట్టేస్తుందని. పొద్దున్నే ఏట్లో స్నానం చేసి, వాసన వచ్చే ఆకులు ఒంటికి రుద్దుకుని వెళ్లేవాడు. దూరం నుంచి గురిచూసి కొట్టడం కన్నా జింకని దగ్గరికి రప్పించుకోవడమే అతని విద్య. అందుకోసం జింక తలని గడ్డితో కూరి నెత్తిన పెట్టుకునేవాడు కూడా.

పోప్ దానికి సర్జన్ బుర్ర జోడించాడు. బాణం ఎలా చంపుతుంది? తుపాకీ గుండు దెబ్బ వేగంతో ఎముకనీ కండనీ చితగ్గొడుతుంది. బాణానికి ఆ శక్తి లేదు, అది కోస్తుంది. నెత్తురు పోయి, మెదడుకి అందక, జంతువు పడిపోతుంది. అంటే ములికి కత్తిలా ఉండాలి, నెత్తురు బాగా నిండి ఉండే చోటే తగలాలి. ఈయన ప్రయోగాలు భలే ఉంటాయి. మ్యూజియంలో డమాస్కస్‌లో చేసిన పాత ఇనప గొలుసుల కవచం ఉంటే, అక్కడి నౌకరొకడు అది తొడుక్కుని నిలబడతాను, కొట్టండి అన్నాడట. పోప్ వద్దని, కవచాన్ని పెట్టెకి తొడిగి కొట్టాడు. బాణం కవచాన్ని చీల్చుకుని దూరింది. నౌకరు అదృష్టవంతుడు.

1916లో ఇషీ క్షయతో చనిపోయాడు. తన శవాన్ని కోయకూడదని అతని నమ్మకం. క్రోబర్ అప్పుడు న్యూయార్క్‌లో ఉన్నాడు, వద్దని ఉత్తరం రాశాడు. అది చేరేలోపే శవపరీక్ష అయిపోయింది. మెదడు తీసి స్మిత్‌సోనియన్‌కి పంపారు. పంపించింది ఆ క్రోబరే. 2000లో గానీ దాన్ని అతని బంధు తెగలకి తిరిగి ఇవ్వలేదు. జింక ఒంట్లో ఏది ఎక్కడుందో అంత శ్రద్ధగా రాసుకున్న మనుషుల మధ్య జరిగిందిది. నాకైతే ఇక్కడ పుస్తకం కాసేపు మూసెయ్యాలనిపించింది.

1923లో పోప్ పుస్తకం వచ్చింది. అమెరికాలో విల్లు వేట మళ్లీ లేవడానికి ముఖ్య కారణం అదే. అయితే పోప్, అతని జోడీ ఆర్థర్ యంగ్ చేసిన అన్ని పనుల్నీ ఇవాళ్టి శిక్షకులు ఒప్పుకోరు. చాలా దూరం నుంచి కొట్టారు, పరిగెత్తే జంతువుల్నీ కొట్టారు. అప్పటికి నీతి కన్నా విల్లు పనిచేస్తుందని రుజువు చేయడమే వాళ్ల తాపత్రయం. 1934లో విస్కాన్సిన్‌లో విల్లు వేటకి విడిగా సీజన్ పెట్టినప్పుడూ, 1961లో వాళ్లిద్దరి పేర్లతో పోప్ అండ్ యంగ్ క్లబ్ పెట్టినప్పుడూ విమర్శ ఒకటే: బాణం చంపదు, గాయపరిచి వదిలేస్తుంది. దానికి జవాబు చెప్పుకోవాల్సి రావడం వల్లే "ఎక్కడ కొట్టాలి" అన్నది ఇంత పెద్ద పాఠమైందని నా అభిప్రాయం.

ఆ పాఠం ఇది. జింక పక్కకి తిరిగి నిలబడాలి, లేదా కాస్త అవతలికి తిరిగి ఉండాలి. ముంగాలు వెనక అంచు వెంట పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టాలి. అక్కడ రెండు ఊపిరితిత్తులూ, కింద గుండే ఉంటాయి. రెండు తిత్తులూ తెగితే కొన్ని సెకన్లలో పడిపోతుంది. ఎదురుగా ఉంటే కొట్టకూడదు, రొమ్ము ఎముక అడ్డం. వెనక నుంచి అసలే వద్దు. తల, మెడ వద్దు. పరిగెత్తేదాన్ని వద్దు. మంచె మీద నుంచి కొడితే బాణం ఏటవాలుగా దిగుతుంది, ఒక్క తిత్తే తెగే ప్రమాదం ఉంది. కాబట్టి బాణం ఎటు బయటికొస్తుందో చూసుకుని గురి పెట్టాలి. మొత్తం చదివితే కొట్టమని చెప్పింది రెండు సందర్భాల్లో, మిగతావన్నీ వద్దులే. మన దశరథుడు చప్పుడు విని బాణం వేసి ఏం తెచ్చుకున్నాడో మనకి వేరే చెప్పక్కర్లేదు.

కొట్టాక కూడా పరిగెత్తకూడదు. కనీసం అరగంట ఆగాలి. బాణం మీద నెత్తురు చూడాలి. లేత ఎరుపు, నురగ ఉంటే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. పచ్చటి పసరు, కంపు ఉంటే పొట్ట. ఇంక ఆరు నుంచి పన్నెండు గంటలు దాని జోలికి పోకూడదు. తరిమితే అది మైళ్లు పోయి, నెత్తురు జాడ కూడా లేకుండా ఎక్కడో చస్తుంది. ఆగితే దగ్గర్లోనే పడుకుంటుంది. మా ఆయన ఆరేళ్ల కిందట చేసిన తప్పు ఇదేనట. ఆత్రంతో గంటలోనే వెంటపడ్డాడు.

ఇప్పుడు మన భాషలో చెప్పుకుందాం, ఇది లేటెన్సీ సమస్య. ఇవాళ్టి విల్లు నుంచి బాణం సెకనుకి 75 మీటర్లు పోతుందనుకోండి. శబ్దం 340 మీటర్లు. ఇరవై గజాలకి, అంటే 18 మీటర్లకి, బాణం చేరడానికి 0.24 సెకన్లు. నారి చప్పుడు 0.05కే చేరిపోతుంది. బెదిరిన జింక ఎగిరి దూకడానికి ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది, బాణం పైనుంచి పోతుంది లేదా వెన్ను దగ్గర తగులుతుంది. నలభై గజాల్లో జింకకి దొరికే ఆ వ్యవధి రెట్టింపు. 1969లో పేటెంట్ వచ్చిన కాంపౌండ్ విల్లుతో వేగం బాగా పెరిగింది. దాంతో సమస్య తీరాలి కదా? కొందరు దూరం పెంచేశారు. ర్యామ్ పెరిగినకొద్దీ మన ప్రోగ్రాములు లావైనట్టు.

మేరీలాండ్‌లో ఒక నౌకాదళ స్థావరంలో 1989 నుంచి 2006 దాకా లెక్క రాశారు. అక్కడ వేటకి రానిచ్చింది శిక్షణ తీసుకుని, గురి పరీక్ష పాసైనవాళ్లనే. అయినా బాణం తగిలిన జింకల్లో సుమారు 18 శాతం దొరకలేదు. ఈ అంకె నాకు మింగుడు పడలేదు. అలాగని ఆదివారం మటన్ తెచ్చుకునే నేను పెద్ద నీతులు చెప్పలేను, నా మేక ఎలా చచ్చిందో నాకెప్పుడూ తెలీదు. కానీ పరీక్ష పాసైనవాళ్లకే 18 అయితే, విల్లు కొనుక్కుని తిన్నగా అడవికి పోయేవాడి సంగతేంటి? అన్ని రాష్ట్రాల్లోనూ ఆ గురి పరీక్ష తప్పనిసరి చేయాలని నేనంటాను. మా ఆయన మాత్రం ఒప్పుకోడు, పరీక్షలో జింక కదలదు కదా అంటాడు.

మొన్న నవంబర్‌లో ఆయన ఖాళీ చేతులతో వచ్చాడు. కొమ్ములున్న మగజింక పదిహేను గజాల్లో పది నిమిషాలు నిలబడిందట, ఆయన వైపే తిరిగి. పక్కకి తిరగనేలేదు. "మరి ఫ్రీజర్?" అన్నాను. "ఈ ఏడు చికెనే" అని, నా పెండింగ్ టికెట్లు ఎంతవరకు వచ్చాయని అడిగాడు.