వంద మీటర్ల పరుగు: దేహాన్ని సిద్ధం చేసుకునే విధానం

వంద మీటర్ల పరుగు పన్నెండు, పదిహేను సెకన్లలో ముగిసిపోతుంది. ఆ కొద్ది క్షణాల కోసం దేహాన్ని సిద్ధం చేయడానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాల సమయం కావాలి. పాఠశాలల క్రీడోత్సవాలలోనూ, పోలీసు ఎంపిక పరీక్షలలోనూ పాల్గొనే యువతీయువకులలో పలువురు పోటీకి వారం ముందు మాత్రమే మైదానంలో అడుగుపెడతారు. అలవాటు లేని దేహంతో ఒక్కసారిగా పూర్తి వేగంతో పరుగెత్తినప్పుడు తొడ వెనుక కండరాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. నెలల తరబడి ఎదురుచూసిన అవకాశం ఆ ఒక్క గాయంతో చేజారిపోవచ్చు.

విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు పూర్తిచేసిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీలలో స్వర్ణపతకం గెలుచుకున్నారు. పొరుగున ఉన్న ఒడిశా రాజధాని భువనేశ్వర్‌లో సాగించిన క్రమబద్ధమైన సాధన ఆ విజయాలకు పునాది.

శక్తి లభించే తీరు

దూరపు పరుగుకు శ్వాస ద్వారా అందే ప్రాణవాయువు ప్రధానాధారం. పొట్టి పరుగులో అంత వ్యవధి ఉండదు. కండరాలలో ముందే నిల్వ ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ తొలి కొన్ని సెకన్లకు శక్తినిస్తాయి. ఆ పిమ్మట ప్రాణవాయువుతో నిమిత్తం లేకుండా గ్లైకోజన్ విచ్ఛిన్నమై శక్తిని అందిస్తుంది. అందువల్ల ప్రతి ఉదయం ఐదారు కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తినంత మాత్రాన వేగం పెరగదు. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఉసేన్ బోల్ట్ సైతం 60, 80 మీటర్ల మధ్యనే అత్యధిక వేగం అందుకున్నారు. చివరి మీటర్లలో అందరి వేగమూ తగ్గుతుంది. తక్కువగా కోల్పోయినవారిదే పైచేయి.

వారాల వారీ సాధన

మొదటి మూడు వారాలు వారానికి మూడు రోజులు, పచ్చిక నేలపై 60 నుంచి 80 మీటర్ల దూరాన్ని డెబ్బై శాతం వేగంతో ఐదారుసార్లు పరుగెత్తాలి. దీనితోపాటు బైఠక్‌లు, మునివేళ్లపై లేచి పిక్కలను బలపరిచే వ్యాయామం చేయాలి. మోకాళ్లపై నిలిచి, తోటివారు చీలమండలు పట్టుకోగా, నడుము వంచకుండా దేహాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే వ్యాయామం తొడ వెనుక కండరాల గాయాలను తగ్గిస్తుంది. దీనిని వారానికి రెండు రోజులు, కొద్దిసార్లతో ప్రారంభించాలి.

నాలుగో వారం నుంచి పూర్తి వేగం అవసరం. ఆరంభ స్థితి నుంచి 20, 30 మీటర్ల పరుగులు ఐదారు, 60 మీటర్ల పరుగులు మూడు చాలు. ప్రతి పరుగుకూ నడుమ మూడు నుంచి ఐదు నిమిషాలు విశ్రమించాలి. రొప్పుతూనే మళ్లీ పరుగెత్తితే అది వేగసాధన అనిపించుకోదు. పూర్తి వేగంతో పరుగెత్తిన మరునాడు తేలికపాటి నడక మాత్రమే చేయాలి. చివరి వారంలో పరుగుల సంఖ్యను సగానికి తగ్గించాలి గానీ వేగాన్ని తగ్గించరాదు. కొత్త బూట్లు, కొత్త వ్యాయామాలు ఆ వారంలో పనికిరావు.

పోటీ రోజున

పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా వంటి తేలికైన ఆహారం తీసుకోవాలి. పూరీ, వడ వంటి నూనె పదార్థాలు విడిచిపెట్టాలి. నీటిని కొద్దికొద్దిగా తాగాలి.

వార్మప్‌కు కనీసం ఇరవై నిమిషాలు కేటాయించాలి. ఐదారు నిమిషాల నెమ్మది పరుగు, మోకాళ్లు పైకెత్తి నడవడం, కాళ్లను ముందుకూ వెనుకకూ ఊపడం, అనంతరం వేగం పెంచుకుంటూ 40 మీటర్ల పరుగులు మూడు చేయాలి. పోటీకి ముందు ఒకే భంగిమలో నిమిషానికి పైగా కండరాలను సాగదీసి ఉంచితే చురుకుదనం కొంత తగ్గుతుంది. మన మైదానాలలో పోటీలు ఆలస్యం కావడం సాధారణం. అటువంటప్పుడు నీడలో అటూ ఇటూ నడుస్తూ, పిలుపుకు ముందు మరోమారు దేహాన్ని వేడెక్కించుకోవాలి.

నొప్పి కలిగితే

పరుగు మధ్యలో తొడ పట్టేసినట్లు అనిపిస్తే తక్షణమే ఆగిపోవాలి. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. ఆనాడు మర్దన తగదు. కాలు మోపలేకపోయినా, చర్మం కమిలినా వైద్యుని సంప్రదించాలి. పరుగులో ఛాతీనొప్పి, స్పృహ తప్పడం వంటి అనుభవాలు ఉన్నవారు, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణాలు సంభవించినవారు సాధన ప్రారంభించకముందే పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం.