నిజనిర్ధారణ నుంచి ఇంటర్న్‌షిప్ దాకా

ఎమర్జెన్సీ ఎత్తేశాక 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఒక కమిటీ ఏర్పడింది. దానికి నాయకత్వం వహించిన వి.ఎం. తార్కుండే బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి. సభ్యుల్లో కె.జి. కన్నబిరాన్ న్యాయవాది, అరుణ్ శౌరి పాత్రికేయుడు, కాళోజీ నారాయణరావు కవి. వాళ్ళు తేల్చవలసిన విషయం ఇది: 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారన్న పోలీసుల మాట నిజమేనా? ఒక్క కానిస్టేబుల్‌ను పిలిపించే అధికారం కూడా వాళ్ళకు లేదు. అయినా సాక్షులను వెతికి పట్టుకున్నారు, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. అది ఎదురుకాల్పులు కాదని, పట్టుకుని కాల్చి చంపారని తేల్చారు. దాంతో రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను వేయక తప్పలేదు. ఆ కమిషన్ పని చివరిదాకా సాగనే లేదు, అది వేరే కథ.

తెలుగునాట హక్కుల పనికి అచ్చు పోసింది ఆ కమిటీయే అని నా అభిప్రాయం. అంతకుముందు ఏమీ లేదని కాదు. నెహ్రూ పూనికతో 1936లో బొంబాయిలో పౌరహక్కుల సంఘం పుట్టింది. టాగూరు గౌరవాధ్యక్షుడు, సరోజినీ నాయుడు కార్యనిర్వాహక అధ్యక్షురాలు. స్వరాజ్యం దగ్గరపడేసరికి అది చల్లబడింది. మన ప్రభుత్వమే వస్తుంటే ఇంక హక్కుల సంఘం ఎందుకనుకున్నారు కాబోలు! నక్సల్బరి, శ్రీకాకుళం సాయుధ పోరాటాల తర్వాత ఆ అవసరం మళ్ళీ తెలిసివచ్చింది. 1974 ప్రాంతంలో శ్రీశ్రీ తొలి అధ్యక్షుడిగా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఏర్పడింది. కొద్ది కాలానికే ఎమర్జెన్సీ. సంఘం నిజంగా నిలదొక్కుకున్నది 1978లో కన్నబిరాన్ అధ్యక్షుడయ్యాకే.

అందులో చేరినవాళ్ళెవరూ హక్కుల చదువు చదివి రాలేదు. లెక్చరర్లు, ప్లీడర్లు, డాక్టర్లు, బడిపంతుళ్ళు. జీతాలు లేవు, బస్సు ఖర్చు సొంత జేబులోంచే. ఎన్‌కౌంటర్ వార్త పేపర్లో చూడగానే నలుగురైదుగురు సెలవు పెట్టి ఆ ఊరికి బయల్దేరేవారు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి కూడా వెంట తీసుకెళ్ళేవారు. ఎఫ్‌ఐఆర్‌లో ఏముందో చదువుకుని వెళ్ళాలి. మొదట చనిపోయినవాళ్ళ ఇంటికి, తర్వాత చుట్టుపక్కల ఇళ్ళకు. చనిపోయిన మనిషిని పోలీసులు ఎప్పుడు, ఎక్కణ్ణుంచి తీసుకుపోయారు, ఎవరు చూశారు? శవం మీద గాయాలు ఎక్కడున్నాయి? పోస్టుమార్టం రిపోర్టు ఏమంటోంది? పోలీసులు ఏమంటారో కూడా అడిగి రాయాలి. అన్నిటికంటే కష్టమైన పని, విన్నది వేరు, తాను అనుకున్నది వేరు అని ఏ పూటకాపూట గుర్తుంచుకోవడం. రాత్రికి ఎవరింట్లోనో కూర్చుని పత్రికా ప్రకటన రాసేవారు. వారానికో నెలకో అది కరపత్రమో చిన్న పుస్తకమో అయ్యేది. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నదానిలో పనికొచ్చేదంతా అప్పుడు అలా ఒకరి వెంట ఒకరు తిరుగుతూ నేర్చుకున్నదే.

ఆ పనికి కట్టిన మూల్యం సామాన్యమైంది కాదు. సంఘం ఉపాధ్యక్షుడు, పిల్లల డాక్టరు రామనాథాన్ని 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి 1991లో, సంఘంలోనివాళ్ళే అయిన పురుషోత్తం 2000లో, ఆజం అలీ 2001లో హతులయ్యారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే బాలగోపాల్ 1985లో ఉద్యోగం వదిలి ఈ పనే జీవితం చేసుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత లా చదివి, హక్కుల కేసులు తానే వాదించారు.

కారంచేడు, చుండూరుల్లో దళితుల ఊచకోతల తర్వాత నిజనిర్ధారణ బృందాల దారి ఎన్‌కౌంటర్ల దగ్గరే ఆగలేదు. కులం, ఆడవాళ్ళ మీద హింస, ప్రాజెక్టుల కింద మునిగే ఊళ్ళు, రైతుల ఆత్మహత్యలు అన్నీ నోటుపుస్తకంలోకి వచ్చాయి. అడవిలో తుపాకీ పట్టినవాళ్ళు చేసే హింసను ఏమనాలన్న ప్రశ్న దగ్గర సంఘంలో చీలిక వచ్చి, 1998లో మానవ హక్కుల వేదిక పుట్టింది. ఆ వాదన చేదుగానే సాగింది. అయినా రెండుచోట్లా పని పద్ధతి మాత్రం ఒక్కటే.

ఈలోగా ఢిల్లీలో 1993 చట్టంతో జాతీయ మానవ హక్కుల కమిషన్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై పౌరహక్కుల సంఘం పెట్టిన ఫిర్యాదును అది విచారించింది. దాని ఫలితమే 1997 మార్చి 29న కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ రాసిన లేఖ, ఎన్‌కౌంటర్ మరణాలపై పాటించవలసిన పద్ధతులు. సొంత ఖర్చుతో ఊళ్ళు తిరిగినవాళ్ళ కాగితాలు అంత దూరం వెళ్ళాయి. ఇప్పుడు ఆ కమిషనే విద్యార్థులకు ఎండాకాలం, చలికాలం ఇంటర్న్‌షిప్‌లు నడుపుతోంది.

అసలైన మలుపు బార్ కౌన్సిల్ 2008లో తెచ్చిన నియమాలు. మూడేళ్ళ లా విద్యార్థి 12 వారాలు, అయిదేళ్ళ విద్యార్థి 20 వారాలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. స్వచ్ఛంద సంస్థ కూడా ఆ జాబితాలో ఉంది. నల్సార్ లా యూనివర్సిటీ వంటి చోట్ల చదివే పిల్లలు హక్కుల ఆఫీసుల తలుపు తట్టడం మామూలైంది. సమాచార హక్కు దరఖాస్తులు రాయడం, తీర్పులు వెతకడం, వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి మార్చడం వాళ్ళ పని. సర్టిఫికెట్ కోసం వస్తారని పెద్దవాళ్ళు విసుక్కుంటారు గానీ నాకది పెద్ద తప్పుగా తోచదు. ఒకప్పుడు సెలవు పెట్టి వెళ్ళగలిగిన లెక్చరర్‌కు నెలజీతం ఉండేది. ఇవాళ నెల రోజులు సొంత ఖర్చుతో నగరంలో గడపగల విద్యార్థి ఎవరన్నదే అసలు ప్రశ్న. సంస్థ స్టైపెండ్ ఇస్తే కొంత మేలే, కానీ ఆ డబ్బు ఎక్కడిది? విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. అదే ఏడాది బ్యాంకు ఖాతాలు స్తంభించి ఆమ్నెస్టీ ఇండియా పని ఆపేసింది. మానవ హక్కుల వేదిక మొదటినుంచీ ఏ ఫండింగ్ సంస్థ డబ్బూ తీసుకోలేదు కాబట్టి ఆ దెబ్బ దానికి తగల్లేదు. స్టైపెండ్ ఇచ్చే స్తోమతా దానికి లేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు కాలంతో. విద్యా సంవత్సరంలో ఒక విద్యార్థి ఏకబిగిన నాలుగు వారాలకు మించి చేయకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. హక్కుల కేసులేమో ఏళ్ళ తరబడి నడుస్తాయి. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న పదకొండుమంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. ఆ కేసును వేదిక మొదటినుంచీ వెన్నంటి నడిచింది. విచారణ ఆగకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్‌లో. నిందితులందరినీ విడిచిపెట్టిన విశాఖ కోర్టు, గుర్తింపు పరేడ్ కూడా జరపకుండా దర్యాప్తు పాడుచేశారని అధికారులను తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమని చెప్పింది.