కొత్త యువ చోదకులకు మోటారు వాహన బీమా

కొత్త యువ చోదకులకు మోటారు వాహన బీమా అనగా, కుటుంబములోని పిల్లలు మొదటిసారిగా కారు లేదా మోటారు సైకిలు నడుపుట ఆరంభించినపుడు ఆ వాహనమునకు, నడుపు వ్యక్తికి, దారిన పోవు ఇతరులకు తగిన రక్షణ కల్పించు బీమాను ఎంచుకొను విషయము. భారతదేశంలో మోటారు బీమా వ్యక్తిని గాక వాహనమును అనుసరించి ఉండును. తండ్రి పేరున ఉన్న కారును చెల్లుబాటు అయ్యే లైసెన్సు గల కుమారుడు లేదా కుమార్తె నడిపినను సాధారణ పాలసీ వర్తించును. అయితే నడుపు వ్యక్తికి లైసెన్సు లేనిచో, ఎంత ఖరీదైన పాలసీ ఉన్నను నష్టభారము చివరకు వాహన యజమానిపైననే పడగలదు. కావున ఈ ఎంపిక ప్రీమియంతో గాక లైసెన్సుతో మొదలగును.

చరిత్ర

భారతదేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టము ఇతరులకు కలుగు నష్టమునకు బీమాను తప్పనిసరి చేసినది. ఈ నిబంధన 1946 జూలై 1 నుండి అమలులోకి వచ్చినది. 1973 జనవరి 1న సాధారణ బీమా వ్యాపారము జాతీయం చేయబడి, నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అను నాలుగు ప్రభుత్వ సంస్థల చేతికి వచ్చినది. పాత చట్టము స్థానంలో 1988 మోటారు వాహనాల చట్టము వచ్చినది. దీని 146వ సెక్షను ప్రకారము బీమా లేని వాహనమును బహిరంగ ప్రదేశములో నడుపరాదు. 1999 చట్టముతో ఏర్పడిన బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. సొంత వాహన నష్టమునకు ప్రీమియంను కంపెనీలే నిర్ణయించుకొను స్వేచ్ఛ 2007 జనవరి 1 నుండి లభించినది. ఇతరుల నష్టమునకు సంబంధించిన ప్రీమియం మాత్రము నేటికిని ప్రభుత్వమే నిర్ణయించుచున్నది.

2018లో సుప్రీంకోర్టు ఆదేశము ననుసరించి, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు 3 సంవత్సరాలు, కొత్త ద్విచక్ర వాహనమునకు 5 సంవత్సరాలు ఇతరుల నష్ట బీమాను ఒకేసారి తీసుకొనవలసి వచ్చినది.

వయసు, లైసెన్సు

గేరులున్న మోటారు సైకిలు గాని కారు గాని నడుపుటకు 18 సంవత్సరాలు నిండవలెను. 16 సంవత్సరాలు నిండినవారికి చట్టము 50 సి.సి. మించని ఇంజను గల మోటారు సైకిలును మాత్రమే అనుమతించినది. నేడు గ్రామాలలో విరివిగా కనిపించు పెట్రోలు స్కూటర్ల ఇంజన్లు 100 సి.సి.కి పైబడినవి గనుక, ఇంటరు చదువు విద్యార్థి వాటిని నడుపుట చట్టవిరుద్ధము.

అభ్యాసకుని లైసెన్సు (లెర్నర్) 6 నెలలు చెల్లును. అది పొందిన 30 దినముల పిదప శాశ్వత లైసెన్సుకు పరీక్షకు హాజరు కావచ్చును. ఈ కాలములో వాహనమునకు ముందు వెనుక ఎర్రని 'ఎల్' గుర్తు ఉండవలెను. కారు నేర్చుకొనువాని ప్రక్కన లైసెన్సు గల శిక్షకుడు, వాహనమును ఆపగల విధముగా కూర్చొనవలెను. ఈ నియమాలు పాటించినచో, అభ్యాసకుడు నడుపుచుండగా జరిగిన ప్రమాదమునకు కూడ ప్రామాణిక పాలసీ వర్తించును. పాటించనిచో పరిహారము విషయములో వివాదము తలెత్తును.

2019 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన 199ఎ సెక్షను ప్రకారము, మైనరు వాహనము నడిపి నేరము చేసినచో సంరక్షకుని లేదా వాహన యజమానిని దోషిగా భావించుదురు. 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధింపబడును. వాహన రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దగును. ఆ మైనరుకు 25 సంవత్సరాలు నిండువరకు లైసెన్సు లభించదు. తనకు తెలియకుండ జరిగినదని, లేదా ఆపుటకు తగిన జాగ్రత్త తీసుకొంటినని నిరూపించుకొను భారము పెద్దలదే.

పాలసీ రకాలు

ఇతరుల నష్ట పాలసీ (థర్డ్ పార్టీ): ఇది తప్పనిసరి. ఇతరుల మరణము, గాయములకు పరిహారమునకు పరిమితి లేదు. ట్రిబ్యునలు ఎంత నిర్ణయించిన అంత. ఇతరుల ఆస్తి నష్టమునకు కారు విషయములో 7.5 లక్షలు, ద్విచక్ర వాహన విషయములో 1 లక్ష రూపాయలు పరిమితి. సొంత వాహనము మరమ్మతుకు ఇందులో ఏమియు రాదు.

సొంత నష్ట పాలసీ: ప్రమాదము, దొంగతనము, అగ్ని, వరద మొదలగు వాటి వలన సొంత వాహనమునకు కలుగు నష్టమునకు ఇది వర్తించును.

సమగ్ర పాలసీ: పై రెండును కలిసినది. వాడుకలో దీనినే ఫుల్ ఇన్సూరెన్సు అందురు. పేరు ఫుల్ అయినను తరుగుదల, మినహాయింపులు దీనికి కూడ ఉండును.

2022 జూన్ 1న అమలులోకి వచ్చిన ఇతరుల నష్ట ప్రీమియం (ఒక సంవత్సరమునకు, పన్ను గాక) ఈ విధముగా నిర్ణయింపబడినది. కార్లకు: 1000 సి.సి. వరకు 2,094 రూపాయలు, 1000 నుండి 1500 సి.సి. వరకు 3,416, ఆపైన 7,897. ద్విచక్ర వాహనాలకు: 75 సి.సి. వరకు 538, 75 నుండి 150 వరకు 714, 150 నుండి 350 వరకు 1,366, ఆపైన 2,804 రూపాయలు. పాలసీ తీసుకొను నాడు అమలులో ఉన్న రేటును సరిచూచుకొనవలెను.

ఈ రేట్లలో చోదకుని వయసు ప్రసక్తి లేదు. సొంత నష్ట ప్రీమియం కూడ ప్రధానముగా వాహనము విలువ, దాని వయసు, ఇంజను సామర్థ్యము, రిజిస్ట్రేషను ప్రాంతములపై ఆధారపడును. ఆనవాయితీగా హైదరాబాదు వంటి మహానగరాలు 'ఎ' మండలములోను, కామారెడ్డి వంటి ప్రాంతాలు కొంత తక్కువ రేటు గల 'బి' మండలములోను లెక్కింపబడును.

లైసెన్సు లేనిచో నష్టము ఎవరిది

ప్రమాద బాధితుడు ఏ తప్పు చేయనివాడు గనుక, అతనికి పరిహారము అందకుండ పోరాదని న్యాయస్థానాలు భావించినవి. 2004లో నేషనల్ ఇన్సూరెన్సు కంపెనీ కక్షిదారుగా ఉన్న ఒక ప్రముఖ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ విషయమును విపులముగా చర్చించినది. లైసెన్సు లేకపోవుట ఒక్కటే చూపి కంపెనీ తప్పించుకొనజాలదు, యజమాని నిర్లక్ష్యమును కంపెనీయే నిరూపించవలెను. నిరూపించినను, కంపెనీ బాధితునికి ముందుగా సొమ్ము చెల్లించి, పిదప యజమాని నుండి వసూలు చేసికొనునట్లు ట్రిబ్యునలు ఆదేశింపవచ్చును.

2011లో సుప్రీంకోర్టు నిర్ణయించిన మరియొక వ్యాజ్యములో, బంధువైన మైనరు బాలుడు తనకు చెప్పకుండ తాళములు తీసుకొని మోటారు సైకిలు నడిపెనని యజమాని వాదించెను. వాహనము దుర్వినియోగము కాకుండ చూచుకొనుట యజమాని బాధ్యత అని చెప్పి, కంపెనీ చెల్లించిన సొమ్మును అతని నుండి రాబట్టుకొనుటకు కోర్టు అంగీకరించినది.

ఉదాహరణకు, 17 ఏండ్ల బాలుడు ఇంటి మోటారు సైకిలు నడిపి ఒకరి మరణమునకు కారకుడు కాగా ట్రిబ్యునలు 10 లక్షల రూపాయల పరిహారము విధించినదని అనుకొందము. ఏటా 714 రూపాయలు తప్పక చెల్లించినను, ఆ 10 లక్షలకు వడ్డీతో సహా తండ్రి ఆస్తి బాధ్యత వహింపవలసి రావచ్చును.

నడుపు వ్యక్తికి రక్షణ

చాలమంది గమనింపని విషయమిది. ఇతరుల నష్ట పాలసీ పేరుకు తగినట్లు ఇతరులకే. తన తప్పు వలన గాయపడిన చోదకుడు 'ఇతరుడు' కాడు. వాహనమును అడిగి తీసుకొని నడుపువాడు యజమాని స్థానములో నిలుచునని, కావున అదే వాహన బీమా నుండి ఇతరునివలె పరిహారము కోరజాలడని 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పినది.

ఈ లోటును తీర్చుటకు యజమాని-చోదకుని వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది. 2018లో దీని మొత్తము 15 లక్షల రూపాయలకు పెంచబడినది. 2019 జనవరి 1 నుండి దీనిని విడి పాలసీగా కూడ తీసుకొనవచ్చును. అయితే పాలసీ పదజాలము ప్రకారము ఇది లైసెన్సు కలిగి, రిజిస్ట్రేషను పత్రములోను పాలసీలోను పేరున్న యజమానికి ఉద్దేశింపబడినది. తండ్రి పేరున ఉన్న బండిని కుమారుడు నడుపుచు మరణించినచో ఈ 15 లక్షలు లభించునని ఆశించరాదు.

కావున పిల్లలు నడుపు బండి విషయములో మూడు మార్గములు కలవు. మొదటిది, అదనపు ప్రీమియం చెల్లించి వారి పేరును పాలసీలో వ్యక్తిగత ప్రమాద బీమాకు చేర్చుట. రెండవది, వారి పేరున విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకొనుట. మూడవది, 18 నుండి 70 సంవత్సరాల బ్యాంకు ఖాతాదారులకు 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్చుట. దీని ప్రీమియం 2022 జూన్ 1 నుండి ఏటికి 20 రూపాయలు, ప్రమాద మరణమునకు బీమా మొత్తము 2 లక్షలు. మొత్తము చిన్నదైనందున దీనిని పై రెండింటికి తోడుగా మాత్రమే చూడవలెను.

సొంత నష్టము లెక్క

వాహనము పూర్తిగా నష్టమైనపుడు లేదా దొంగిలింపబడినపుడు చెల్లించు గరిష్ఠ మొత్తమును బీమా ప్రకటిత విలువ (ఐ.డి.వి.) అందురు. కొత్త వాహనము ధరపై తరుగుదల 6 నెలల లోపు 5, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతము. ప్రీమియం తగ్గునని ఈ విలువను మరీ తక్కువగా వ్రాయించుకొన్నచో నష్టమే.

పరిహారము కోరని సంవత్సరాలకు సొంత నష్ట ప్రీమియంలో వరుసగా 20, 25, 35, 45, 50 శాతము రాయితీ (నో క్లెయిమ్ బోనసు) లభించును. ఒక్కసారి పరిహారము కోరినచో ఇది సున్నాకు వచ్చును. గడువు తీరిన 90 దినములలోపు పునరుద్ధరించనిచో కూడ పోవును.

కొత్త చోదకులు చిన్నచిన్న గీతలు, సొట్టలు పడవేయుట సహజము. 8,000 రూపాయల ప్లాస్టిక్ బంపరు మార్చవలసి వచ్చినదనుకొందము. ప్లాస్టిక్, రబ్బరు భాగములకు తరుగుదల 50 శాతము గనుక 4,000 పోవును. 1500 సి.సి. వరకు గల కారుకు తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు. చేతికి వచ్చునది 3,000. సొంత నష్ట ప్రీమియం 8,000, రావలసిన రాయితీ 35 శాతము అయినచో, కోల్పోవునది 2,800 రూపాయలు. పైగా రాయితీ మెట్లు మరల మొదటి నుండి ఎక్కవలెను. ఇట్టి చిన్న నష్టమును సొంతముగా భరించుటయే మేలు.

తరుగుదల కోతను నివారించు అదనపు రక్షణను జీరో డిప్రిసియేషను అందురు. కొత్త కారును కొత్త చోదకుడు నడుపునపుడు ఇది ఉపయోగకరము. నీట మునిగిన ఇంజనుకు విడి రక్షణ కలదు. పదేళ్ళు పైబడిన పాత కారుపై నేర్చుకొనుచున్నచో, ఇతరుల నష్ట పాలసీ, వ్యక్తిగత ప్రమాద బీమా చాలవచ్చును.

పాత వాహనము కొన్నపుడు

పిల్లలు నేర్చుకొనుటకు పాత వాహనము కొనుట సాధారణము. ఇతరుల నష్ట బీమా కొత్త యజమానికి చట్టరీత్యా బదిలీ అయినట్లు భావింపబడును గాని, సొంత నష్ట బీమా తనంతట తాను బదిలీ కాదు. కొనిన 14 దినములలోపు కంపెనీకి తెలిపి పేరు మార్పించుకొనవలెను. అమ్మినవారి రాయితీ కొన్నవారికి రాదు. అది వ్యక్తికి చెందినది.

నాగిరెడ్డిపేట ప్రాంతములో

నాగిరెడ్డిపేట తెలంగాణలోని కామారెడ్డి జిల్లాకు చెందిన మండలము. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడుటకు ముందు ఇది నిజామాబాదు జిల్లాలో ఉండెను. మెదక్, ఎల్లారెడ్డి పట్టణాలను కలుపు రహదారి ఈ ప్రాంతము మీదుగా పోవును. పోచారం జలాశయము సమీపముననే ఉన్నది. వాహనాలకు జిల్లా సంకేతము 17. 2024 మార్చి నుండి కొత్త వాహనాలకు 'టీఎస్' స్థానములో 'టీజీ' వచ్చినది.

వ్యవసాయ ప్రాంతములలో ట్రాక్టరు విషయము ప్రత్యేకముగా గమనింపవలెను. ట్రాక్టరు నడుపుటకు కూడ 18 సంవత్సరాలు నిండి లైసెన్సు ఉండవలెను. ట్రాలీకి విడిగా ప్రీమియం చెల్లింపవలెను. ట్రాక్టరుకు ఉన్నది చోదకుని సీటు ఒక్కటే గనుక మడ్‌గార్డుపై గాని, ట్రాలీలో గాని కూర్చున్నవారికి ప్రయాణికులుగా రక్షణ ఉండదు. కూలీలను, పెండ్లి బృందాలను ట్రాలీలలో తరలించు కుటుంబాలు, ఆ ట్రాక్టరును పిల్లల చేతికిచ్చునపుడు ఈ సంగతి తెలిసియుండవలెను.

ఇతర దేశాలలో

అమెరికాలో చోదకుని వయసు, అనుభవము ప్రీమియంను బాగుగా ప్రభావితము చేయును. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలకు లైసెన్సు రాగానే వారిని తల్లిదండ్రుల పాలసీలో చేర్పించుట పరిపాటి. కనీస రక్షణ రాష్ట్రమును బట్టి మారును. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుండి ఒక వ్యక్తి గాయములకు 30,000, ఒక ప్రమాదమునకు 60,000, ఆస్తి నష్టమునకు 15,000 డాలర్లు కనీసము. భారతదేశమువలె గాక అచట పరిహారమునకు పాలసీలో పరిమితి ఉండును. కావున కనీసమునకు మించి తీసుకొనుట అవసరమగును.

ప్రమాదము జరిగినపుడు

గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చుట మొదటి కర్తవ్యము. పిదప పోలీసులకు, బీమా కంపెనీకి ఆలస్యము లేకుండ తెలుపవలెను. కంపెనీ సర్వేయరు చూడకముందే వాహనమును మరమ్మతు చేయించరాదు. రిజిస్ట్రేషను పత్రము, పాలసీ, నడిపిన వ్యక్తి లైసెన్సు చూపవలెను. నడిపిన వ్యక్తి స్థానములో లైసెన్సున్న మరియొకరి పేరు చెప్పుట మోసము. పరిహారము నిరాకరింపబడుటకు, కేసునకు దారితీయును.

బాధితులు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలును ఆశ్రయింతురు. 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సవరణ ఇందుకు 6 నెలల గడువు విధించినది. బీమా కంపెనీపై పాలసీదారుకు ఫిర్యాదు ఉన్నచో ముందుగా కంపెనీకి వ్రాసి, పరిష్కారము లభించనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. ఈ సేవకు రుసుము లేదు.

బీమా లేకుండ వాహనము నడిపినచో మొదటి తప్పునకు 3 నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల జరిమానా లేదా రెండును, మరల చేసినచో జరిమానా 4,000 రూపాయలు. లైసెన్సు లేకుండ నడిపినవారికి, వారికి వాహనము ఇచ్చినవారికి జరిమానా 5,000 రూపాయల వరకు ఉండును.